అమెరికా చదువు మధ్యలో: విత్‌డ్రా మేలా, ట్రాన్స్‌ఫర్ మేలా?

బెంగళూరు మారతహళ్లిలో మేముండే అపార్ట్‌మెంటులో సగం కుటుంబాలు తెలుగువాళ్లవే. గత ఏడాది మా మేనల్లుడు యూనివర్సిటీ మారిన సంగతి తెలిసినప్పటి నుంచి నెలకు ఒకరైనా ఒకటే ప్రశ్నతో మా ఇంటికి వస్తున్నారు: ఫీజు భారమైనా, కోర్సు నచ్చకపోయినా పిల్లవాణ్ణి మానేసి వచ్చేయమనాలా, అక్కడే వేరే యూనివర్సిటీకి మారమనాలా? అడిగేవారిలో ఎక్కువమంది పిల్లలు ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీద అమెరికాలో ఎం.ఎస్. చేస్తున్నవారే కనుక ప్రధానంగా ఆ సంగతే రాస్తున్నాను.

డబ్బు, పూర్తిచేసిన కోర్సుల క్రెడిట్లు, పరువు అన్నీ లెక్కలోకి వచ్చేవే. కానీ నా దృష్టిలో నిర్ణయాన్ని తేల్చేది యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 పత్రం మొదటి పేజీలో పైన ఉండే సెవిస్ (విదేశీ విద్యార్థుల రికార్డులు ఉంచే అమెరికా ప్రభుత్వ వ్యవస్థ) నంబరు, అంటే ‘ఎన్’ అక్షరమూ దాని వెంట పది అంకెలూ. ట్రాన్స్‌ఫర్ అయితే ఆ నంబరే కొత్త యూనివర్సిటీకి వెళుతుంది. విత్‌డ్రా అయి దేశం విడిచినవారు అయిదు నెలల లోపు తిరిగి చేరితే పాత రికార్డునే మళ్లీ తెరిపించే వీలుంది. అయిదు నెలలు దాటితే కొత్త ఐ-20, కొత్త నంబరు, మరోసారి 350 డాలర్ల సెవిస్ రుసుము తప్పవు, వీసా కూడా సాధారణంగా కొత్తగా తీసుకోవలసి వస్తుంది. అంతకన్నా పెద్ద నష్టం మరొకటి ఉంది. సీపీటీకి (చదువుతుండగా చేసే ఉద్యోగ శిక్షణ), ఓపీటీకి (ఎక్కువగా చదువయ్యాక చేసే ఉద్యోగ శిక్షణ) సాధారణంగా ఒక పూర్తి విద్యా సంవత్సరం ఫుల్‌టైమ్ చదివి ఉండాలి. నంబరు మారితే ఆ లెక్క మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది.

మా పై అంతస్తులో ఉండే అమ్మాయి రెండు సెమిస్టర్లు పూర్తిచేసి, తల్లి అనారోగ్యం వల్ల, డీఎస్ఓ (యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల స్టేటస్ వ్యవహారాలు చూసే అధికారి) అనుమతితోనే వచ్చింది. మూడు నాలుగు నెలలనుకున్నది ఏడు నెలలైంది. యూనివర్సిటీ ఆమె పాత క్రెడిట్లను అలాగే ఉంచింది గాని, ఆ రెండు సెమిస్టర్లూ ఓపీటీ లెక్కలోకి రాకుండా పోయాయి. రాత్రి బస్సెక్కి చెన్నై వెళ్లి, జెమిని ఫ్లైఓవర్ దగ్గరి కాన్సులేటులో రెండోసారి ఇంటర్వ్యూకు నిలబడింది. 185 డాలర్ల వీసా రుసుమూ మళ్లీ కట్టింది.

మా మేనల్లుడి కథ వేరు. అక్టోబరు మూడో వారంలో ఫోన్ చేసి, “మామయ్యా, ఎలాగూ ఇక్కడ చదవను కదా, ఇప్పుడే విత్‌డ్రా అయితే డబ్బన్నా మిగులుతుంది” అన్నాడు. ఫీజు వాపసు పట్టిక తెరిచి చూడమన్నాను. అమెరికాలో చాలా యూనివర్సిటీలు సెమిస్టరు మొదలైన తొలి వారాల్లోనే వాపసు శాతాన్ని మెట్లు మెట్లుగా తగ్గించుకుంటూ వస్తాయి. వాడి చోట అప్పటికే అది సున్నాకు దిగింది, అంటే మానేసినా ఒక్క రూపాయి మిగలదు, పైగా ట్రాన్‌స్క్రిప్టులో మూడు కోర్సుల ఎదుట విత్‌డ్రా గుర్తు పడుతుంది. కనుక డిసెంబరు పరీక్షలు రాసి, ఈలోగా ఫీజు తక్కువున్న మరో యూనివర్సిటీలో అడ్మిషన్ తెచ్చుకుని జనవరిలో మారాడు. చదివిన తొమ్మిది క్రెడిట్లలో ఆరింటిని కొత్తచోట ఒప్పుకున్నారు. ఎం.ఎస్. స్థాయిలో అంతకు మించి ఆశించడమూ కష్టమే.

ట్రాన్స్‌ఫర్‌లో పనుల వరస ముఖ్యం. ముందు కొత్త అడ్మిషన్ చేతికి రావాలి, ఆ తరువాత పాత డీఎస్ఓతో మాట్లాడి రిలీజ్ తేదీ, అంటే సెవిస్ రికార్డు కొత్తచోటికి వెళ్లే తేదీ, పెట్టించుకోవాలి. ఆ తేదీ వచ్చేవరకు మనసు మార్చుకోవచ్చు గాని, వచ్చాక పాత యూనివర్సిటీకి ఆ రికార్డు మీద అధికారం ఉండదు. కొత్తచోట క్లాసులు అయిదు నెలల లోపు మొదలవ్వాలి, మొదలైన 15 రోజుల్లోగా అక్కడి డీఎస్ఓకు రిపోర్టు చేయాలి. వీసా మీద పాత యూనివర్సిటీ పేరే ఉన్నా గడువు ఉన్నంతవరకు అది చెల్లుతుంది. ఇవన్నీ స్టేటస్ సక్రమంగా ఉన్నవారికి మాత్రమే. చెప్పకుండా క్లాసులు మానేసి ఆపైన ట్రాన్స్‌ఫర్ అడిగితే వ్యవహారం ముడిపడుతుంది.

ఇంతకీ విత్‌డ్రా ఎప్పుడు సరైనదంటే, చదువు కొనసాగించే ఓపికో డబ్బో నిజంగా లేనప్పుడు, ఇంట్లో మనిషి అవసరం తప్పనిసరైనప్పుడు. డీఎస్ఓ ముందుగా అనుమతిస్తే దేశం విడవడానికి 15 రోజుల వ్యవధి ఉంటుంది, అనుమతి లేకుండా మానేస్తే ఒక్క రోజు కూడా ఉండదు. టికెట్ కొన్నాక మెయిల్ పెట్టేవారు ఇక్కడే దెబ్బతింటారు. విద్యార్థికే ఆరోగ్యం బాగాలేకపోతే, డాక్టరు లేఖతో కోర్సుల భారం తగ్గించుకుని అక్కడే ఉండే మార్గమూ ఉంది. ఒక డిగ్రీ స్థాయిలో మొత్తం 12 నెలల వరకు దాన్ని వాడుకోవచ్చు.

రుణం తీసుకున్నవారు బ్యాంకును మరచిపోకూడదు. మంజూరు లేఖలో యూనివర్సిటీ పేరు ఉంటుంది కనుక, ట్రాన్స్‌ఫర్ అయితే కొత్త అడ్మిషన్ లేఖ, కొత్త ఐ-20 ఇచ్చి తరువాతి విడతకు ముందే దాన్ని సవరింపజేసుకోవాలి. మా బావగారు ఈ పని మీద బ్రాంచికి నాలుగుసార్లు తిరిగారు. విత్‌డ్రా అయినవారి విషయంలో చదువుతో పాటు మారటోరియం (వాయిదాలు కట్టనక్కరలేని గడువు) కూడా ముందే ముగిసే అవకాశం ఉంది.

మిగతా దేశాల సంగతి క్లుప్తంగా చెబుతాను. బ్రిటన్‌లో యూనివర్సిటీ మారాలంటే సాధారణంగా కొత్త క్యాస్ (వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే ప్రవేశ ధ్రువీకరణ), కొత్త వీసా కావాలి. కెనడాలో 2024 నవంబరు 8 నుంచి, కాలేజీ మారేవారు కొత్త స్టడీ పర్మిట్‌కు దరఖాస్తు చేయాలి. ఆస్ట్రేలియాలో ప్రధాన కోర్సు తొలి ఆరు నెలల్లో మారాలంటే ఇప్పుడున్న సంస్థ విడుదలకు ఒప్పుకోవాలి.

అమెరికాలో కూడా, మొదటి ఏడాదిలో ప్రోగ్రాం మారడాన్ని, పీజీ విద్యార్థుల ట్రాన్స్‌ఫర్లను కట్టడి చేసే నిబంధనను 2025 ఆగస్టులో ప్రభుత్వం ప్రతిపాదించింది. ఇప్పుడు మారదలచినవారు అది ఏ దశలో ఉందో డీఎస్ఓను ముందే అడగాలి.

క్యాంపస్ ఉద్యోగం పాత యూనివర్సిటీలో రిలీజ్ తేదీతోనే ఆగిపోవాలి. మావాడి రిలీజ్ తేదీ జనవరి 2. డైనింగ్ హాలు మేనేజరు 3వ తేదీ సాయంత్రం షిఫ్టుకు కూడా వాడి పేరే రాశాడు. వాడు ముందురోజే వెళ్లి ఆ పేరు కొట్టేయించుకుని, ఏప్రన్ అప్పగించి వచ్చాడు.