ముట్టుకాడు పడవల రేవు: బకింగ్‌హాం కాలువను తలుచుకుంటూ చూడవలసిన చోటు

చెన్నైలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు నెల్లూరు నుంచో ఒంగోలు నుంచో వచ్చిన చుట్టాలను మహాబలిపురం తీసుకువెళుతూ, దారిలో ముట్టుకాడు దగ్గర కాసేపు ఆగడం మామూలే. నగరానికి దక్షిణంగా సుమారు 36 కిలోమీటర్ల దూరంలో, తూర్పు తీర రహదారి పక్కన, తమిళనాడు పర్యాటక అభివృద్ధి సంస్థ 1984లో ఈ పడవల రేవును ప్రారంభించింది. ఇక్కడ తెడ్ల పడవలు, తొక్కుడు పడవలు, మోటారు పడవలు, స్పీడ్ బోట్లు ఉన్నాయి.

పిల్లలు స్పీడ్ బోటు కోసం మారాం చేస్తారు, వారి సరదా తీర్చవలసిందే. అయితే పెద్దవారు మాత్రం తెడ్ల పడవనే ఎంచుకోవాలని నా గట్టి అభిప్రాయం. ఇంజను చప్పుడు లేనప్పుడే నీటికాకులూ కొంగలూ బెదరకుండా దగ్గరగా కనిపిస్తాయి. చుట్టూ ఉన్నది ఎలాంటి నీరో గమనించే తీరికా అప్పుడే దొరుకుతుంది. చూపుకు పెద్ద చెరువులా ఉన్నా ఇది ఉప్పుటేరు. పళ్ళికరణై చిత్తడి నేలలో చేరిన వాననీరు ఒక్కియం మడువు అనే నీటిపాయ మీదుగా బకింగ్‌హాం కాలువలో పడి, ఇక్కడికి వచ్చి, కోవళం దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఎండాకాలంలో ఇసుక మేట వేసి ఆ ముఖద్వారం పూడుకుపోతూ ఉంటుంది, ఈశాన్య ఋతుపవనాల వరదకు మళ్ళీ తెరుచుకుంటుంది.

ఆ కాలువ కథ తెలిసి పడవ ఎక్కితే ఈ విహారానికి వచ్చే విలువే వేరు. 1806లో బేసిల్ కాక్రేన్ అనే వ్యాపారి మద్రాసు నుంచి ఎన్నూరు వరకు తవ్వించిన ఉప్పునీటి కాలువ దీనికి మొదలు. అది తరువాత పులికాట్ దాకా సాగింది, 1837లో ప్రభుత్వం చేతికి వచ్చింది, క్రమంగా ఉత్తరాన పెదగంజాం వరకూ దక్షిణాన మరక్కాణం వరకూ పెరిగింది. పెదగంజాం దగ్గర కొమ్మమూరు కాలువతో కలవడం వల్ల కృష్ణా డెల్టా పడవలకు మద్రాసు దారి దొరికింది. ధాత కరవు రోజుల్లో, అంటే 1876-78 మధ్య, ఆకలితో ఉన్నవారికి పని కల్పించడానికి కూవం, అడయారు నదుల మధ్య సుమారు 8 కిలోమీటర్ల మేర కాలువ తవ్వించారు. అప్పటి గవర్నరు బకింగ్‌హాం ప్రభువు పేరే 1878లో మొత్తం కాలువకు స్థిరపడింది. బియ్యం, ఉప్పు, కట్టెలు నింపుకొన్న పడవలు గాలి ఉంటే తెరచాపతో, లేకపోతే గడలతో, గట్టు వెంట మనుషులు తాడు పట్టి లాగుతుండగా, మన కోస్తా ఊళ్ళ నుంచి మద్రాసు చేరేవి. ఈ నగరంలో తెలుగువారి అన్నానికీ వంటచెరకుకూ దారి చూపిన నీరు అది.

1965, 1966 తుఫానులు కాలువను బాగా దెబ్బతీశాయి. రోడ్డూ రైలూ సరుకును లాక్కున్నాయి. తరువాత నగరంలో ఎం.ఆర్.టి.ఎస్. అనే, ఎత్తైన వంతెన మీద నడిచే నగర రైలు స్తంభాలను, కొన్ని స్టేషన్లను కాలువ గర్భంలోనే కట్టారు, అక్కడ ఇప్పుడు పడవ కదిలే వీలే లేదు. 2008లో, పడవల రాకపోకల కోసం కేంద్రం ప్రకటించిన జాతీయ జలమార్గం-4లో దీన్ని చేర్చినప్పుడు నాలాంటివారికి ఎంతో ఆశ కలిగింది. ఆ పాత నీటిదారిని ఆనుకుని మామూలు మనిషి టికెట్టు కొని పడవ ఎక్కగలిగే చోటు కాబట్టే ముట్టుకాడు నాకు ఇంత ఇష్టం. ఈ కథను తమిళంతో పాటు తెలుగులోనూ చెప్పే పెద్ద పటమొకటి రేవులో అందరికీ కనిపించాలని నా కోరిక.

వెళ్ళదలచినవారు ఆదివారం, పండుగ రోజులు కాకుండా మామూలు రోజు పొద్దున్నే వెళ్ళడం మేలు; నీటి మీద నీడ ఉండదు కనుక మధ్యాహ్నపు ఎండలో ముసలివారిని ఎక్కించవద్దు. ఎంత చిన్న పడవైనా లైఫ్ జాకెట్ బిగించుకున్న తరువాతే కాలు పెట్టండి. పూట మిగిలితే దగ్గరలోనే దక్షిణాది ఇళ్ళను, కళలను చూపే దక్షిణచిత్ర అనే ప్రదర్శనశాల ఉంది, అక్కడ కోస్తాంధ్ర చుట్టిల్లు కూడా చూడవచ్చు.