4 హిట్ పాయింట్ల అమ్మ: జానథార్స్ గైడ్ టు ఎవ్రీథింగ్

ఈ పుస్తకం మా అక్క డాలస్ నుంచి వస్తూ తెచ్చిపెట్టింది. ధర 49.95 డాలర్లు, లోపల 192 పేజీలు. పాచికలు వేస్తూ అందరూ కలిసి కథ అల్లుకునే ఆట డంజన్స్ అండ్ డ్రాగన్స్. దాని ఐదో ఎడిషన్ ఆడేవాళ్ల కోసం విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ వాళ్లు 2017 నవంబర్‌లో వేశారు. చాలామంది కొత్త సబ్‌క్లాసుల (పాత్రల వృత్తుల్లో ఉపరకాల) కోసం, కొత్త మంత్రాల కోసం కొంటారు. నేను మూడేళ్లుగా కూకట్‌పల్లిలో మా ఇంట్లోనే ఆదివారం సాయంత్రాలు నలుగురితో ఆట నడిపిస్తున్నాను. నా కాపీలో బాగా నలిగిన పేజీలు మాత్రం మొదటి అధ్యాయం చివరికి వస్తుండగా ఉన్న ‘దిస్ ఈజ్ యువర్ లైఫ్’ పట్టికలవి. హీరోకి అమ్మ దొరికేది అక్కడే.

కొత్త క్యాంపెయిన్, అంటే చాలా వారాలు సాగే కథ, మొదలుపెట్టేటప్పుడు ఒక్కొక్కరి పాత్రని "నీ వాళ్లెవరు?" అని అడిగితే నలుగురిలో ముగ్గురు ఒకటే చెప్తారు. ఊరు తగలబడింది, అందరూ పోయారు, నేనొక్కడినే మిగిలాను. ఇది బద్ధకం కాదు, భయం. ఇంట్లో మనిషిని ఉంచితే డంజన్ మాస్టర్ (ఆట నడిపే మనిషి) ఏదో ఒకరోజు ఆ మనిషి జోలికే వస్తారని భయం. అందుకే ముందే చంపేసుకుంటారు.

ఈ పట్టికలు ఆ నిర్ణయాన్ని చేతిలోంచి తీసుకుని పాచికలకి అప్పగిస్తాయి. రెండు పది ముఖాల పాచికలతో వందకి లెక్క. 95 లోపు పడితే కన్నవాళ్లెవరో తెలుసు. పెంచిందెవరన్న పట్టికలో 56 నుంచి 75 దాకా ఒంటరి తల్లి లేదా సవతి తల్లి, 76 నుంచి పైన అమ్మానాన్నా ఇద్దరూ. లేనివాళ్లు ఏమయ్యారో చెప్పడానికి ఒక నాలుగు ముఖాల పాచిక. చనిపోయారు, ఎవరో పట్టుకుపోయారు, వదిలేసి వెళ్లారు, జాడ తెలీదు. ఇంతే. కానీ ప్రతి కథలో ఊరు తగలబెట్టే అలవాటున్న, ఫైటర్ (యోధుడు) పాత్ర ఆడే మా కుర్రాడికి 63 పడింది. తండ్రి జాడ తెలీదు, తల్లి బతికే ఉంది. ఆవిడ వృత్తికి పాచిక వేస్తే చేతిపని అని వచ్చింది. కుర్రాడు కాసేపు ఆ కాగితం వైపే చూసి, "అయితే అక్కా, ఈమె ఎక్కడుంటుంది?" అన్నాడు. ఆ ప్రశ్న వాడి నోట రావడమే నాకు ఈ పుస్తకం ఇచ్చిన మొదటి ఫలం.

పుస్తకంలో లోటు కూడా ఇక్కడే ఉంది. అమ్మకి వృత్తి ఇస్తుంది, స్వభావం ఇస్తుంది, కొడుకుతో సఖ్యంగా ఉందా లేదా చెప్తుంది. ఆవిడకేం కావాలో మాత్రం చెప్పదు. కొడుకు తిరిగొచ్చేదాకా గుమ్మంలో నిలబడి ఉండటమే పని అయితే ఆవిడ పాత్ర కాదు, బొమ్మ. ఆ మిగతాది మనమే కట్టుకోవాలి. మా అమ్మ తెనాలిలో ముప్ఫై ఏళ్లు జాకెట్లు కుట్టింది. కాబట్టి ఈ అమ్మని దర్జీ చేశాను. పేరు మారెన్. చలికాలంలోపు కావలివాళ్లకి నలభై కోట్లు కుట్టివ్వాలి, బట్ట వ్యాపారికి బాకీ ఉంది, ఎడమ కన్ను మసకేస్తోంది. అంకెల కోసం ఈ ఆటకే ఉన్న జీవుల పుస్తకం మాన్‌స్టర్ మాన్యువల్‌లోని ‘కామనర్’నే (మామూలు మనిషినే) తీసుకున్నాను. బలం, తెలివి లాంటివన్నీ పదులే, ప్రాణానికి లెక్క 4 హిట్ పాయింట్లు. గాబ్లిన్ అనే చిన్న రాక్షసుడి ఒక్క కత్తి దెబ్బకే సగటున 5 పోతాయి. టేబుల్ చుట్టూ ఉన్న అందరికీ ఆ లెక్క తెలుసు.

పదకొండో సెషన్‌లో ఫైటర్ ఇంటికెళ్లాడు. కోటు విప్పి అమ్మకిచ్చాడు. ఆవిడ దాన్ని దీపం దగ్గరికి తీసుకెళ్లి, చిరుగు మీద బొటనవేలు పెట్టి, లోపలి లైనింగ్ బయటికి తిప్పింది. మా అమ్మ చిరిగిన బట్ట చేతికిస్తే ఎలా చేసేదో అలాగే చేసి చూపించాను, ఊరికే ఒక చేతిరుమాలుతో. "పోగులు పైకి లాగి ఉన్నాయి నాన్నా. కింద నుంచి పొడిచారు. నువ్వు పడిపోయి ఉన్నావా, వాడు పడిపోయి ఉన్నాడా?"

కుర్రాడు పడిపోయి ఉన్నది నిజం, మూడు సెషన్ల కింద చావు అంచుదాకా వెళ్లొచ్చాడు. "అక్కా, అబద్ధం చెప్తాను" అన్నాడు నెమ్మదిగా. కంచెకి పట్టుకుందని చెప్పి పాచిక వేశాడు. మొత్తం 18. ఆవిడ పసిగట్టే శక్తి 10. నిబంధన ప్రకారం నమ్మాలి, నమ్మింది. "సరే, రఫ్ఫు చేసిస్తాను, పొద్దున్నే వేసుకెళ్లు" అని సూదిలో దారం ఎక్కించుకుంది. మసక కన్ను కదా, మూడుసార్లు పట్టింది. టేబుల్ దగ్గర ఎవరూ ఏమీ అనలేదు. అంత మంచి పాచిక పడినందుకు వాడి మొహంలో సంతోషం లేదు. తర్వాతి ఆదివారం ఎవరూ అడక్కుండానే కోటు ముందు పెట్టి అసలు సంగతి చెప్పాడు.

ఇంకో అమ్మాయికి నాలుగు ముఖాల పాచిక మీద 2 పడింది. తల్లిని పట్టుకుపోయారు. బాలనాగమ్మ కథ బుర్రకథగా విన్నవాళ్లకి ఈ మలుపు కొత్త కాదు. మాయల ఫకీరు, ఏడు సముద్రాల అవతల చిలకలో వాడి ప్రాణం, తల్లి కోసం వెళ్లే బాలవర్ధిరాజు. చెరలో ఉన్న బాలనాగమ్మ ఏడుస్తూ కూర్చోలేదు, వ్రతం నెపం చెప్పి ఫకీరుని ఏళ్ల తరబడి ఆపింది. నేను అదే సూత్రం తీసుకున్నాను. మా కథలో చెరపట్టిన మాంత్రికుడి కోటలో వంటశాల తాళాలు ఆ తల్లి దగ్గరే ఉన్నాయి, బయటికి వచ్చే రొట్టెల బండిలో ఆవిడ కబురు వస్తుంది. ఎత్తుకుపోయిన తల్లిని ఆటలో పెట్టేవాళ్లు దయచేసి ఆవిడ చేతికి ఏదో ఒక పని ఇవ్వండి.

మిగతా పుస్తకం గురించి పెద్దగా చెప్పేది లేదు. ఉచ్చుల గురించి, పనిముట్ల గురించి ఉన్న పేజీలు బాగా పనికొస్తాయి. చివర ఉన్న పేర్ల జాబితాల్లో మన దేశం పేర్లు కూడా ఉన్నాయి. జానథార్ అనే అనేక కళ్ల నేరసామ్రాట్టు అక్కడక్కడా రాసిన వ్యాఖ్యలు మా పిల్లకి ఇష్టం, వాడి బంగారు చేప గురించి అయితే మరీ.

కొత్తగా ఆట మొదలుపెట్టేవాళ్లకి ముందు ఇది అక్కర్లేదు, ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ కొనుక్కోండి. ఆట నడిపేవాళ్లు మాత్రం తప్పక తీసుకోండి. ఎవరి దగ్గరైనా ఉంటే మొదటి సెషన్‌కి ముందు ఒక్క సాయంత్రం అడిగి తెచ్చుకుని, అందరిచేతా ఒకేసారి పాచికలు వేయించినా సరిపోతుంది.

మా ఆట ఇప్పుడు 27వ సెషన్‌లో ఉంది. ఫైటర్ తొమ్మిదో లెవెల్‌కి వచ్చాడు. మారెన్ కుట్టాల్సిన కోట్లలో ఇంకా ఆరు మిగిలాయి. ఆవిడ షీట్ మీద హిట్ పాయింట్లు ఇప్పటికీ నాలుగే.