స్ట్రెచ్ సోఫా కవర్లు: ఏ సోఫాకి నప్పుతాయి, ఎందుకు జారతాయి

పాలియెస్టర్‌కి కాస్త స్పాండెక్స్ అనే సాగే దారం కలిపి తయారుచేసే ఈ సాగే కవర్ల మీద "అన్ని సోఫాలకూ సరిపోతుంది" అని రాసి ఉంటుంది. ఆ మాట నమ్మి కొనకండి. సీటుకూ వెనక దిండుకూ మధ్య చెయ్యి దూరేంత సందు ఉన్న గుడ్డ సోఫాకి ఇవి చక్కగా కూర్చుంటాయి. లెదర్, రెగ్జిన్ నున్నగా ఉంటాయి కాబట్టి వాటి మీద పట్టు చిక్కదు, లేచి కూర్చున్నప్పుడల్లా జరుగుతాయి. రిక్లైనర్‌కైతే మామూలు కవర్ వద్దే వద్దు. కాళ్ల పలక లేచిన ప్రతిసారీ గుడ్డ లాగబడి కుట్లు తెగుతాయి.

చాలామంది పొరబడేది కొలత దగ్గరే. కూర్చునే చోటు మాత్రం కొలిస్తే చాలదు, సోఫా ఒక చేతి బయటి అంచు నుంచి రెండో చేతి బయటి అంచు దాకా టేపు పట్టాలి. సాధారణంగా ముగ్గురి సోఫా కవర్ 190 నుంచి 230 సెం.మీ. వరకు, ఇద్దరిది 145 నుంచి 185 వరకు వస్తుంది. కొలత సరిగ్గా పై హద్దు మీద ఉంటే పెద్ద సైజే తీసుకోండి. బిగుతుగా లాగిన గుడ్డ పల్చబడి కింది రంగు కనిపిస్తుంది, చేతుల మూలల్లో కుట్టు ముందుగా పోతుంది. సీటు లోతు కూడా చూడాలి, దాన్ని ఎవరూ చూడరు.

తొడిగేటప్పుడు మొదట వెనక వైపు మూలలు రెండూ ఎక్కించి, తర్వాత చేతుల మీదికి, చివరగా ముందు అంచు కిందికి లాగాలి. మిగిలిన గుడ్డను సందులోకి కూరి, దాని మీద ఫోమ్ కడ్డీలు గట్టిగా నొక్కాలి. కవర్‌ని నిలబెట్టేది ఆ కడ్డీలే. కవర్‌తో సన్నవి వస్తే కాస్త లావైనవి వేరే కొనుక్కోవడం మేలు. అడుగున కట్టే ఎలాస్టిక్ పట్టీలు ముందు అంచును పట్టి ఉంచుతాయి, అంతే. సీటు మధ్య ముడతను అవి ఆపలేవు.

సీటు దిండ్లు విడిగా ఊడి వచ్చే సోఫా అయితే ఒంటి ముక్క కవర్ దండగ. దిండుకో గలీబు విడిగా ఉన్న సెట్ చూడండి. ఖర్చు ఎక్కువే గాని, మరకపడిన ఒక్క గలీబునే తీసి ఉతుక్కోవచ్చు.

గుడ్డల్లో నేతలోనే చిన్న గళ్లు వచ్చే జాకార్డ్ మన్నికైనది. వెల్వెట్ మెత్తగా ఉంటుంది గాని దుమ్మూ వెంట్రుకలూ పట్టేస్తుంది. పిల్లి ఉన్న ఇంట్లో వదులు అల్లికవి వద్దు, గోరు తగిలితే దారం లేస్తుంది. "వాటర్‌ప్రూఫ్" అన్నవాటిలో చాలావరకు నీటిని కాసేపు ఆపేవే, వెంటనే తుడవకపోతే దిండులోకి దిగుతుంది.

ఉతికేటప్పుడు చల్లనీళ్లు లేదా 30 డిగ్రీలు, తక్కువ వేగం. బ్లీచ్ వేసినా, డ్రయర్ వేడి తగిలినా స్పాండెక్స్ పట్టు సడలిపోతుంది, ఆ తర్వాత కవర్ వేలాడుతుంది. ముదురు రంగైతే మొదటిసారి విడిగా ఉతికి, పూర్తిగా ఆరాకే లేతరంగు సోఫా మీద వేయండి.