డల్హౌసీ వెళ్ళేవాళ్ళు చంబాలో బస చేయండి

హిమాచల్ ప్రదేశ్‌లో డల్హౌసీ, ఖజ్జియార్ చూడాలనుకునేవాళ్ళకు నేను గట్టిగా చెప్పేది ఒక్కటే: ఆ రెండూ చూడండి, కానీ రాత్రులు చంబాలో గడపండి. ప్యాకేజీలు అమ్మేవాళ్ళు చంబా పేరెత్తరు. మా టాక్సీ డ్రైవరు కూడా పాత గుళ్ళు తప్ప అక్కడ ఏమీ లేవన్నాడు. ఆ మాట విని ఊరుకుని ఉంటే ఈ ప్రయాణంలో మాకు డల్హౌసీ లాడ్జి తప్ప ఇంకేమీ గుర్తుండేది కాదు.

పఠాన్‌కోట్‌లో రైలు దిగి 3,200 రూపాయలకు టాక్సీ మాట్లాడుకుని సాయంత్రానికి డల్హౌసీ చేరాం. దారి హాయిగా సాగింది.

లాడ్జిలో ‘లోయ కనిపించే గది’కి రోజుకు 4,200 చొప్పున ముందే కట్టాం. కిటికీ తెరిస్తే చేతికందేంత దూరంలో నాచు పట్టిన రాతిగోడ, దాని వెంబడి కారుతున్న నీళ్ళ పైపు! లోయ ఎక్కడ అని అడిగితే మేనేజరు మమ్మల్ని డాబా మీదికి తీసుకెళ్ళి చూపించాడు. గదిలోంచే కనిపించాలంటే ఇంకో 1,500 కట్టాలన్నాడు. వేడినీళ్ళు ఉదయం గంటసేపే, ఆ తర్వాత బకెట్టుకు 50. హీటరుకు రాత్రికి 400. అత్తయ్యగారికి మోకాళ్ళ నొప్పులు, చలి పడదు, అందుకని హీటరు తీసుకోక తప్పలేదు. అర్ధరాత్రి కరెంటు పోయింది. జనరేటరు మీద హీటర్లు పనిచేయవనే సంగతి డబ్బు తీసుకునేటప్పుడు ఎవరూ చెప్పలేదు. ఉన్న దుప్పట్లన్నీ కప్పినా ఆవిడ తెల్లవార్లూ వణుకుతూనే ఉన్నారు.

మావారు ఎవరితోనూ గొంతు పెంచి మాట్లాడరు. ఆ ఉదయం మాత్రం కౌంటరు దగ్గరే నిలబడి, హీటరు డబ్బు చేతికి వచ్చేదాకా కదల్లేదు. డబ్బయితే ఇచ్చారు గానీ, పెద్దావిడ పడ్డ అవస్థకు ఒక్క మంచి మాట కూడా అనలేదు. ఆ కోపం నాకింకా తగ్గలేదు. కొండ ఊళ్ళలో గది కళ్ళతో చూడకుండా పూర్తి డబ్బు కట్టకండి. హీటరు, వేడినీళ్ళు అద్దెలో కలిసి ఉన్నాయో లేదో ముందే రాతపూర్వకంగా తీసుకోండి.

ఊరి మీద మాత్రం నాకు ఫిర్యాదు లేదు. 1854లో ఆంగ్లేయులు వేసవి విడిదిగా ఏర్పరచి, అప్పటి గవర్నర్ జనరల్ పేరు పెట్టిన ఊరు. గాంధీ చౌక్ నుంచి సుభాష్ చౌక్ దాకా చెట్ల నీడన నడవడం బాగుంటుంది. అందుకు ఒక పూట చాలు.

ఖజ్జియార్‌లో చుట్టూ దేవదారు అడవి, నడుమ పచ్చిక మైదానం. 1992లో ఒక స్విస్ దౌత్యవేత్త ‘మినీ స్విట్జర్లాండ్’ అన్నప్పటి నుంచి జనం ఆ బోర్డు దగ్గర ఫోటోల కోసం వరస కడుతున్నారు. మధ్యలో ఉన్న సరస్సు చాలావరకు గడ్డి, బురదతో పూడిపోయింది. 800 అడిగిన గుర్రం సవారీ బేరమాడితే 300కు వచ్చింది, అదీ పది నిమిషాలే. దిగనని మా పాప పేచీ పెట్టింది. పక్కనే ఉన్న ఖజ్జీనాగ్ గుడిలోకి మాత్రం ఎవరూ రావడం లేదు. చెక్కిన దేవదారు స్తంభాలు, పాండవులవని చెప్పే నిలువెత్తు చెక్క బొమ్మలు ఉన్న చోటు అది. తప్పకుండా వెళ్ళండి.

అక్కడి నుంచి రావి నది వైపు సుమారు 24 కిలోమీటర్లు దిగితే చంబా. చౌగాన్ అనే పెద్ద మైదానానికి దగ్గరలో 1,400కు శుభ్రమైన గది దొరికింది. అత్తయ్యగారు కుంటుతూ మెట్లెక్కడం చూసి, ఆ ఇంటావిడ అడగకుండానే వేడినీళ్ళ సంచి తెచ్చిచ్చింది.

లక్ష్మీనారాయణ ఆలయంలో ఆరు గుళ్ళు ఒకే వరసలో ఉన్నాయి, కొన్ని విష్ణువువి, కొన్ని శివుడివి. ప్రధాన ఆలయం పదో శతాబ్దంలో సాహిల్ వర్మ అనే రాజు కట్టించినది. మంచు నిలవకుండా రాతి శిఖరాల మీద చెక్క గొడుగులు అమర్చారు. మన వైపు గోపురాలు చూసిన కళ్ళకు అవి కొత్తగా అనిపించాయి. ఊరి పైన సూయీ మాత గుడి ఉంది. ఊరికి నీళ్ళు రావడానికి ప్రాణమిచ్చిన రాణిని అక్కడ కొలుస్తారు. ఏటా జరిగే ఆమె జాతర ఆడవాళ్ళది, పిల్లలది. ఆ కథ విన్నాక అత్తయ్యగారు నొప్పులు కూడా లెక్కచేయకుండా మెల్లగా పైకెక్కి దండం పెట్టుకున్నారు.

1908లో నెలకొల్పిన భూరీసింగ్ మ్యూజియంలో చంబా రుమాళ్ళు చూశాం. పేరుకు రుమాలే గానీ, అది సూదితో వేసిన చిత్తరువు. కృష్ణుడి రాసలీల, పెళ్ళి ఊరేగింపు వంటివి పల్చని నూలు గుడ్డ మీద పేనని పట్టుదారంతో కుడతారు. ఊళ్ళో రుమాళ్ళు కుట్టే ఒకావిడ ఇంటికి వెళితే అసలు విశేషం తెలిసింది. అత్తయ్యగారు చిన్నప్పటి నుంచి కుట్టు పని చేసిన మనిషి. రుమాలు చేతికి ఇవ్వగానే, అలవాటుగా ముడులు చూద్దామని వెనక్కి తిప్పారు. వెనక కూడా అదే కృష్ణుడు, అవే రంగులు. దారం ఎక్కడ మొదలైందో, ఎక్కడ తెగిందో ఆనవాలు లేదు. కళ్ళజోడు సవరించుకుని మళ్ళీ మళ్ళీ తిప్పి చూశారు. ఇద్దరికీ భాష కలవకపోయినా గంటసేపు సూదులతోనే మాట్లాడుకున్నారు. జానెడు రుమాలు 2,800 పడింది. బేరం ఆడనివ్వలేదు అత్తయ్యగారు. “ఈ పనికి ఇది తక్కువేనమ్మా” అన్నారు.

భోజనానికి రాజ్మా మద్రా తినండి. పెరుగులో, నెయ్యిలో నిదానంగా ఉడికించిన రాజ్మా అది. అన్నంతో ప్లేటు 120. చప్పగా అనిపిస్తే చుక్ అడగండి. మిరపకాయలు, నిమ్మజాతి పండ్ల రసంతో చేసే ఆ పచ్చడి మన నాలుకకు బాగా నచ్చుతుంది. మావారి ముఖంలో లాడ్జి తాలూకు చిరాకు పోయింది ఆ ముద్దతోనే.

మ్యూజియానికి సోమవారం సెలవు, చూసుకుని వెళ్ళండి. తిరుగు ప్రయాణానికి చంబా నుంచి పఠాన్‌కోట్‌కు నేరుగా బస్సులున్నాయి, టాక్సీ అవసరం లేదు. మలుపులు ఎక్కువ కాబట్టి కడుపులో తిప్పేవాళ్ళు ముందు సీట్లలో కూర్చోండి.