నికాన్ 50 ఎంఎం ఎఫ్/1.8డి: పాతది కొనేముందు ఎఫ్/16లో ఫొటో కొట్టి చూడండి

నికాన్ డీఎస్‌ఎల్‌ఆర్ ఉండి తక్కువ డబ్బులో మంచి లెన్స్ కావాలంటే ముందు వినబడే పేరు ఇదే. 2002లో వచ్చిన మోడల్. బరువు దాదాపు 155 గ్రాములు, ఫిల్టర్ సైజు 52 ఎంఎం, వెలుతురు వచ్చే రంధ్రాన్ని (అపెర్చర్) చిన్నదీ పెద్దదీ చేసే బ్లేడ్లు ఏడు. ఎఫ్ పక్కన అంకె పెరిగేకొద్దీ ఆ రంధ్రం చిన్నదవుతుంది. పూర్తిగా తెరిచిన ఎఫ్/1.8లో ఫొటో కాస్త మెత్తగా ఉంటుంది. ఎఫ్/2.8కి వచ్చేసరికి పదును బాగా పెరుగుతుంది, ఎఫ్/5.6లో ఈ ధరకు ఇంకేం కావాలి అనిపిస్తుంది. ముందు గాజు బాగా లోపలికి ఉండటంతో పక్క వెలుతురును ఆపే హుడ్ లేకపోయినా పెద్ద ఇబ్బంది ఉండదు. బ్లేడ్లు వంపు లేని అంచులవి కాబట్టి రంధ్రం తగ్గించినప్పుడు వెనకాల దీపాలు ఏడు పలకలుగా పడతాయి. లెన్స్‌లో ఫోకస్ మోటార్ లేదు. తమలోనూ మోటార్ లేని డి3500, డి5600 లాంటి కెమెరా బాడీల మీద ఫోకస్ చేత్తో తిప్పుకోవాల్సిందే.

గాజు గురించి ఇంతకన్నా చెప్పాల్సింది లేదు. సెకండ్‌హ్యాండ్‌లో ఈ లెన్స్ ముంచేది అపెర్చర్ దగ్గర.

అమ్మేవాళ్లు చూపించే శాంపిల్స్‌లో ఎక్కువ భాగం ఎఫ్/1.8లో తీసిన పోర్ట్రెయిట్లే. వెనకంతా కరిగిపోయి అందంగా ఉంటాయి. కానీ ఎఫ్/1.8లో బ్లేడ్లకు పనే లేదు, పూర్తిగా పక్కకు తప్పుకుని ఉంటాయి. బ్లేడ్లు పాడైన లెన్స్ కూడా ఆ ఫొటో దివ్యంగా తీస్తుంది. అందుకే ఈ జబ్బు వచ్చినవాళ్ల ఫిర్యాదు ఒకేలా ఉంటుంది: మండపం లోపల ఎఫ్/2లో తీసినవి బాగున్నాయి, బయట ఎండలో ఎఫ్/8లో తీసిన గ్రూప్ ఫొటోలు మాత్రం తెల్లగా పోయాయి. అనుమానం వెలుతురు కొలిచే మీటర్ మీదకో సెన్సర్ మీదకో వెళ్తుంది. దోషం చాలాసార్లు లెన్స్‌ది.

నికాన్ లెన్స్ బాడీకి బిగిసే ఎఫ్ మౌంటు పని చేసే తీరు తెలిస్తే కారణం ఇట్టే అర్థమవుతుంది. వ్యూఫైండర్‌లో వెలుతురు ఉండటానికి బాడీలోని లివర్ లెన్స్ వెనక ఉన్న చిన్న లివర్‌ను పట్టుకుని బ్లేడ్లను ఎప్పుడూ తెరిచి ఉంచుతుంది. మీటర్ ఎఫ్/8కి లెక్క వేసి షట్టర్ స్పీడ్ ఇస్తుంది. బటన్ నొక్కగానే బాడీ లివర్ కదిలి దారి ఇస్తుంది, లెన్స్‌లోని స్ప్రింగ్ బ్లేడ్లను ఎఫ్/8 దాకా లాగాలి. షట్టర్ తెరుచుకునేలోపు ఇదంతా అయిపోవాలి. బ్లేడ్ల మీద నూనె ఉంటే అవి ఒకదానికొకటి అతుక్కుని నెమ్మదిగా కదులుతాయి. ఫొటో ఎఫ్/2.8లోనో ఎఫ్/4లోనో పడిపోతుంది. అసలు కదలకపోతే ఎఫ్/8కి రావాల్సిన వెలుతురుకు దాదాపు 20 రెట్లు సెన్సర్ మీద పడుతుంది, అంటే నాలుగు స్టాప్‌లకు పైనే (ఒక్కో స్టాప్‌కు వెలుతురు రెట్టింపు). వెలుతురు పంపకం చూపే హిస్టోగ్రామ్ మొత్తం కుడి గోడకు అతుక్కుంటుంది, సెన్సర్ డేటా అంతా ఉండే రా ఫైల్ ఉన్నా ఆకాశం తిరిగి రాదు.

కేనన్ ఈఎఫ్ లెన్సులలో బ్లేడ్లను లెన్స్‌లోని మోటార్ తిప్పుతుంది. అక్కడ బ్లేడ్లు మొరాయిస్తే సాధారణంగా ఎర్రర్ 01 వచ్చి కెమెరా ఆగిపోతుంది. ఈ లివర్ పద్ధతిలో బ్లేడ్లు ఎక్కడ ఆగాయో బాడీకి తెలిసే దారి లేదు కాబట్టి ఏ హెచ్చరికా రాదు. నికాన్‌లోనే కెమెరా తెర మీద ఎఫ్‌ఈఈ అని మెరిస్తే అది వేరే సంగతి. అపెర్చర్ రింగు నారింజ రంగు 22 దగ్గర లాక్ అయి లేదని అర్థం, అక్కడికి తిప్పి లాక్ చేస్తే పోతుంది.

షాపులో చేతికి రాగానే వెనక మూత తీసి రింగును 22కి తిప్పండి. లెన్స్‌ను వెలుతురుకు ఎత్తి పట్టుకుని వెనక లివర్‌ను వేలితో పక్కకు జరపండి, బ్లేడ్లు తెరుచుకుంటాయి. వదలండి. టక్కున మూసుకోవాలి. మూసుకోవడం కంటికి ఆనుతోందంటే ఆ లెన్స్ పోయినట్టే. ఒకసారి చూసి ఊరుకోకండి, పదిహేను ఇరవైసార్లు చేయండి. తర్వాత బ్లేడ్లు మూసి ఉండగా ఫోన్ టార్చ్ ఏటవాలుగా వేసి చూడండి. పొడి బ్లేడ్లు మసక బూడిద రంగులో ఉంటాయి. నూనె ఉంటే అంచుల దగ్గర తడి మెరుపో, ఇంద్రధనుస్సు చారలో కనిపిస్తాయి. ఇంకో సంగతి: ఎండ వేళ నూనె పల్చబడి బ్లేడ్లు చురుగ్గానే కదలొచ్చు. అదే లెన్స్ లంబసింగిలో తెల్లవారుజామున మొండికేస్తుంది. వీలైతే ఏసీలో కాసేపు ఉంచి మళ్లీ చూడండి.

లివర్ పరీక్షలో నెగ్గినా బాడీకి తగిలించి చూడకుండా డబ్బు ఇవ్వొద్దు. మాన్యువల్ మోడ్, ఆటో ఐఎస్ఓ (సెన్సర్ సున్నితత్వం) ఆఫ్, తనంతట తాను వెలుతురు సవరించే యాక్టివ్ డి-లైటింగ్ ఆఫ్, వైట్ బ్యాలెన్స్ ఫిక్స్. నీడలో ఉన్న తెల్లగోడ చాలు. ట్యూబ్‌లైట్ కింద వద్దు. మన 50 హెర్ట్జ్ కరెంటుకు పాత ట్యూబ్‌లైట్ సెకనుకు 100 సార్లు మిణుకుతుంది, షట్టర్ వేగం పెరిగేకొద్దీ ఫొటోకీ ఫొటోకీ వెలుతురు మారి మీరు లెన్స్‌ను అనవసరంగా తిడతారు. ఐఎస్ఓను వెలుతురుకు తగ్గట్టు ఒకచోట పెట్టి కదపకుండా ఎఫ్/1.8 వద్ద 1/2000, ఎఫ్/2.8 వద్ద 1/800, ఎఫ్/4 వద్ద 1/400, ఎఫ్/5.6 వద్ద 1/200, ఎఫ్/8 వద్ద 1/100, ఎఫ్/11 వద్ద 1/50, ఎఫ్/16 వద్ద 1/25 కొట్టండి. అన్నింట్లో ఫొటో మధ్య భాగం ఒకే వెలుతురులో రావాలి. మూలలు లెక్కలోకి తీసుకోవద్దు, ఎఫ్/1.8లో అవి ఎలాగూ నల్లబడతాయి. ఎఫ్/4 నుంచి మెట్టు మెట్టుకీ తెల్లబడుతుంటే దోషం బయటపడ్డట్టే. చివరగా ఎఫ్/16లో కంటిన్యువస్ మోడ్‌లో ఓ పది ఫ్రేములు.

ఆ పది ఫ్రేములే చాలా విషయం చెబుతాయి. ఒకటి సరిగ్గా, ఒకటి తెల్లగా, ఇలా మారుతుంటే నూనె. పదీ ఒకే మోతాదులో తెల్లగా ఉంటే లివర్ వంగి ఉండొచ్చు. వెనక మూత లేకుండా బల్ల మీద పెట్టినా, మౌంటులో బలవంతంగా తిప్పినా వంగుతుంది. ఎఫ్/1.8తో సహా అన్నీ తెల్లగా వస్తుంటే లెన్స్‌ను అనుమానించకండి, ఐఎస్ఓ ఎక్కువ పెట్టారేమో, దోషం షట్టర్‌దేమో చూడండి.  ఎఫ్/1.8లో బాగుండి ఎఫ్/16లో తెల్లబడటం ఇంకో లివర్ లెన్స్ తగిలించినా జరుగుతుంటే బాడీలోని లివర్ పోయింది.

ఫొటో వెలుతురును కావాలని తగ్గించే ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ మైనస్ 2 పెట్టుకుని నెట్టుకొస్తామంటే కుదరదు. తప్పు ప్రతి ఫొటోకీ మారుతుంది, ప్రతి అపెర్చర్‌కీ మారుతుంది. అర్జంటు పని ఉంటే లెన్స్‌ను ఎఫ్/1.8లోనే ఉంచి వెలుతురు తగ్గించే 52 ఎంఎం ఎన్‌డీ8 ఫిల్టర్ బిగించండి. మూడు స్టాప్‌లు తగ్గి ఎండలో కూడా షట్టర్ స్పీడ్ చేతిలో ఉంటుంది. లోతైన ఫోకస్ మాత్రం రాదు, గ్రూప్ ఫొటోకు పనికిరాదు.

బాగు చేయించవచ్చా? చేయించవచ్చు. కానీ ఏం చేస్తారో అడగండి. నూనె వచ్చేది ఫోకస్ హెలికాయిడ్‌కు (ఫోకస్ కోసం తిరిగే మరల భాగం) పూసిన గ్రీజు నుంచి. వేడికి గ్రీజులోని నూనె విడిపోయి బ్లేడ్ల మీదికి పాకుతుంది. బ్లేడ్లు మాత్రమే తుడిచి ఇస్తే మళ్లీ అదే కథ. గాజు గుంపులు తీసి, బ్లేడ్లను లైటర్ ఫ్లూయిడ్‌తో కడిగి, లెన్స్ టిష్యూకు మెరుపు అంటనంత వరకు తుడిచి, హెలికాయిడ్ పాత గ్రీజు తీసి కొత్తది పూస్తేనే పని పూర్తయినట్టు. బ్లేడ్లకు ఏ నూనే వేయకూడదు, అవి పొడిగానే నడుస్తాయి. బిగుసుకుందని డబ్ల్యూడీ-40 స్ప్రే కొడితే లెన్స్ చెత్తబుట్టకే. వంగిన లివర్‌ను పటకారుతో సరిచేయడమూ ఇంట్లో చేసే పని కాదు. లివర్ కొద్దిగా జరిగినా ఎక్స్‌పోజర్ తేడా కొట్టేస్తుంది.

ఖర్చు లెన్స్ ధరలో మూడో వంతు దాటితే రిపేరు మానేసి ఇంకోటి వెతుక్కోవడం మేలు. ఈ లెన్సులకు మార్కెట్‌లో కొదవ లేదు. కోఠి షాపుల్లో అడిగితే 2011లో వచ్చిన 50 ఎంఎం ఎఫ్/1.8జి కూడా చూపిస్తారు. దాంట్లో మోటార్ ఉంది, కాబట్టి డి3500 వాళ్లకు అదే సరైనది. అయితే దాని బ్లేడ్లూ ఇదే లివర్‌తో నడుస్తాయి, పరీక్ష మానకండి. రింగు లేదు కనుక బాడీ నుంచి తీయగానే బ్లేడ్లు మూసుకుని ఉంటాయి, చూడటం ఇంకా తేలిక.

కొన్న తర్వాత మే నెలలో కారు డాష్‌బోర్డు మీద మాత్రం వదలకండి. తేమ చేరనివ్వని డ్రై క్యాబినెట్ ఉంది కదా అన్న ధీమా కూడా వద్దు. అది ఆపేది ఫంగస్‌ను, గ్రీజు కరగడాన్ని కాదు.