నల్గొండల పిల్లల ఫోరెన్సిక్ క్యాంపు, మాక్ కోర్టు: పంపినంక నా రివ్యూ

మా బిడ్డ ఎనిమిదో తరగతి. ఈ ఎండాకాలం డాన్సు, డ్రాయింగు వద్దంటే పది రోజుల ఫోరెన్సిక్ క్యాంపుల (నేరం జరిగిన కాడి ఆనవాళ్లను సైన్సుతోని పరీక్ష చేసుడు నేర్పేది) ఏసిన, ఫీజు 2,500. పేరు రాస్తలేను, న్యూస్ పేపర్ల పాంప్లెట్ పెట్టి పంచిండ్రు కాబట్టి చూసినోళ్లకు సమజైతది. నేను కోర్టు కాడ టైపింగ్, జిరాక్స్ షాపు నడిపిస్త, పొద్దున లేస్తే అఫిడవిట్లు కొట్టుడే పని, అందుకే జర ఎక్కువ తప్పులు పట్టిన అనుకోండ్రి.

వేలిముద్రల క్లాసు మాత్రం మస్తుగ చెప్పిండ్రు. లూపు, వోర్ల్, ఆర్చ్ అని మూడు రకాలు, అందరియి స్టాంప్ ప్యాడ్ మీద ఒత్తిపిచ్చి భూతద్దం చేతికిచ్చి ఎవలది ఏందో వాళ్లనే తేల్చుకోమన్నరు. బ్యాచుల కవలలు ఉంటే వాళ్లయి పక్కపక్కన పెట్టి చూపిచ్చిండ్రట, మొఖాలు ఒక్కటే గని ముద్రలు వేరే. 1897లనే కలకత్తాల ఫింగర్‌ప్రింట్ బ్యూరో పెట్టిండ్రని, ముద్రలను రకాలుగ ఏరుపరిచే హెన్రీ సిస్టం అని ఇంగ్లీషు దొర పేరు మీద నడిసే లెక్క వెనక అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అని మనోళ్లు ఇద్దరు కష్టపడ్డరని మా పిల్ల అన్నం తినుకుంట చెప్తే ఇన్నేండ్ల సంది నిశానీలు ఏపిస్తున్న నాకే తెల్వదు.

ఆ రోజే ఇంట్ల లడ్డూల డబ్బా మూత మీద టాల్కం పౌడర్ చల్లి, మెత్తటి బ్రష్షుతోని ఊడ్చి, సెల్లోటేపు అంటిచ్చి లేపి నల్ల చార్టు మీద పెట్టింది. తెల్లగ ముద్ర లేచింది, చూస్తే మా అమ్మది. షుగరున్న మనిషి. "డబ్బా పక్కకు జరిపిన బిడ్డా, అంతే" అంటది. మా పిల్ల ఏమన్నదంటే, "ముద్ర ఉంటే ముట్టినట్టే నాయనమ్మా, తిన్నట్టు కాదు." నా ఫీజు సగం అక్కడనే వసూలైంది.

మాక్ కోర్టు అంటే పిల్లలే జడ్జి, వకీలు, సాక్షి అయి నడిపే ఉత్తుత్త కోర్టు. మొదట్ల ఉత్త సినిమా. బల్ల గుద్దుడు, "అబ్జెక్షన్ యువరానర్" అని ఒర్రుడు, జడ్జి పిలగానికి చెక్క సుత్తె గుడ కొనిచ్చిండ్రు, మన కోర్టుల సుత్తె కొట్టిన జడ్జిని నేనైతే ఒక్కనాడు చూడలే. తర్వాత ఒక అడ్వకేట్ మేడం వచ్చినంక దారికొచ్చింది. మన సాక్షిని చీఫ్‌ల, అంటే మన వకీలే ముందుగాల అడిగేటప్పుడు, "నువ్వు ఎర్ర బైకు చూసినవు గదా" అని నోట్లె మాట పెట్టొద్దు, "ఏం చూసినవు" అనాలె, క్రాస్‌ల, అంటే అవతలి వకీలు అడిగేటప్పుడు అయితే పెట్టొచ్చు అని పట్టుబట్టి నేర్పింది. ఆఖరి రోజు మా పిల్లనే సాక్షి. "ఎంత దూరం? రాత్రి ఎన్ని గంటలకు? లైటు ఉన్నదా?" అని ఒక బక్క పిలగాడు నిమ్మళంగ అడుక్కుంట పోతే ఎర్ర బైకు కాస్తా "ఏదో బైకు" అయింది. "యాదికి లేదు" అనుడు తప్పు కాదని గుడ ముందే చెప్పిండ్రట, అది నాకు మంచిగనిపిచ్చింది.

ఇగ కోపం వచ్చినయి. 34 మందికి ఒక్కటే మైక్రోస్కోపు. అరటిపండు నుంచి డీఎన్ఏ తీసుడు ఫెయిలైతే వీడియో చూపిచ్చి సరిపెట్టిండ్రు. హైదరాబాద్ ల్యాబుకు తోలుకపోతం అని పాంప్లెట్ల పెద్దగ రాసి, పర్మిషన్ రాలేదని ఆఖరి రోజు చెప్పిండ్రు, మరి పైసలేవి అంటే సర్టిఫికెట్‌కు ఫ్రేమ్ కట్టిపిచ్చినం గదా అన్నరు. అన్నిటికంటె పెద్దది, క్యాంపుల ఇచ్చిన పుస్తకంల మర్డర్‌కు ఇంకా పాత ఐపీసీ (ఇండియన్ పీనల్ కోడ్) సెక్షన్ 302 అనే ఉన్నది. 2024 జులై 1 సంది జరిగిన నేరాలకు అది కొత్త భారతీయ న్యాయ సంహితల సెక్షన్ 103. ఏడేండ్లు, ఆపైన శిక్ష పడే కేసుల్ల ఫోరెన్సిక్ వాళ్లు స్పాట్‌కు రావాలె అని ఇంకో కొత్త చట్టం, భారతీయ నాగరిక్ సురక్షా సంహితల ఉన్నది, ఫోరెన్సిక్ క్యాంపు పుస్తకంల ఆ ముక్కనే లేదు!

ఐదుకు మూడున్నర ఇస్త. ఏడో తరగతి పైనోళ్లనైతే పంపుండ్రి, చిన్నోళ్లకు బోరు కొడ్తది. పైసలు కట్టే ముందు మాత్రం పుస్తకం మార్చిండ్రా అని అడుగుండ్రి.