బ్లూబానెట్ల కోసం రెండు వారాంతాలు: టెక్సస్‌లో ఎక్కడ చూడాలి, ఎక్కడ బస చేయాలి

గుంటూరు నుంచి వచ్చిన అమ్మ, ఎన్నిస్ ఊరి బయట కారు దిగగానే పూలకంటే ముందు మట్టిని చూసింది. "ఇది మన నల్లరేగడే కదరా!" అంది. నిజమే. డాలస్‌కు దక్షిణాన ఉన్న ఆ ప్రాంతమంతా సున్నం ఎక్కువగా ఉన్న నల్లమట్టి నేల. ఎండితే నెర్రెలు విచ్చుతుంది, తడిస్తే చెప్పులను వదలదు. ఆ మట్టి మీదే కనుచూపు మేర బ్లూబానెట్లు, అంటే వసంతంలో పూసే నీలి అడవిపూలు, పరుచుకుని ఉన్నాయి.

ఏప్రిల్ మూడో వారంలో ఎన్నిస్ వెళ్లాం. అంతకు రెండు వారాల ముందే ఆస్టిన్‌కు పడమరగా ఉన్న గుట్టల ప్రాంతం హిల్ కంట్రీ చూసి వచ్చాం. సాధారణంగా పూత దక్షిణాన ముందు మొదలై ఉత్తరానికి జరుగుతుంది. అందుకే రెండింటినీ ఒకే ప్రయాణంలో ఇరికించవద్దని నా సలహా. ఒకచోట నిండుగా ఉంటే మరోచోట మొగ్గలో, కాయలో చూడాల్సి వస్తుంది.

హిల్ కంట్రీలో అందరూ చెప్పే దారి ఫ్రెడరిక్స్‌బర్గ్‌కు ఉత్తరాన ఉన్న విల్లో సిటీ లూప్. 13 మైళ్ల ఇరుకు రోడ్డు, రాతి గుట్టల మధ్య నీలం, దాని పక్కనే ఎర్రని పెయింట్‌బ్రష్ పూలు. అయితే రెండు వైపులా ప్రైవేటు భూములే. కారులోంచి చూడాలి తప్ప దిగి పూలలోకి నడవకూడదు. అమ్మలాంటి వారికి అది చూసీ తాకలేని వేదన. ఉదయం ఎనిమిదికి ముందే వెళ్తే కార్లు తక్కువ. కాళ్లతో నడవాలంటే ట్రావిస్ సరస్సు ఒడ్డున ఉన్న మ్యూల్‌షూ బెండ్ అనే పార్కు నయం. ప్రవేశ రుసుము ఉంటుంది కానీ కాలిబాటలున్నాయి, తొందర లేదు. నాకు రెండింటిలో అదే నచ్చింది.

బస విషయంలో పొరపాటు చేశాం. పూల కాలంలో ఫ్రెడరిక్స్‌బర్గ్‌లో గదుల ధరలు చూసి, కొంచెం దూరంలో "వంటగది ఉంది" అని రాసిన ఒక కుటీరం తీసుకున్నాం. వెళ్లి చూస్తే ఉన్నది చిన్న ఫ్రిజ్, నీళ్లు కాచుకునే పాత్ర మాత్రమే. రాత్రి పది దాటాక ఫోను తీసేవారు లేరు. పులిహోర కట్టుకుని వెళ్లాం కాబట్టి గడిచింది. పెద్దవాళ్లను తీసుకువెళ్లేవారు దగ్గర్లోని బర్నెట్ లేదా లానో ఊళ్లలో సాదా మోటెల్ ముందుగా మాట్లాడుకోవడం మేలు.

మ్యూల్‌షూ బెండ్‌లో అమ్మ వంగి ఆకు చూసింది: చేతివేళ్లలా ఐదు. పూవు చూసింది. "జనుము పూవు నీలం రంగు వేసుకున్నట్టుంది" అంది. అక్కడ నిలబడి ఎంతోసేపు దాని గురించే మాట్లాడుకున్నాం. రెండూ చిక్కుడు కుటుంబమే. బ్లూబానెట్ వేర్లకూ బుడిపెలుంటాయి, వాటిలోని బాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు అందిస్తుంది. మనవాళ్లు జీలుగ, జనుము చల్లి దుక్కిలో కలియదున్నేది ఆ బలం కోసమే. కాబట్టే సారం లేని రాతి నేలలోనూ ఇది నిలబడుతుంది. దానికి కావలసింది ఎండ, నీరు నిలవని నేల.

పూవు పై రేకు మీద తెల్లని మచ్చ గమనించండి. కొత్త పూవుకు తెల్లగా ఉంటుంది, కొద్ది రోజులకు ముదురు ఎరుపుకు తిరుగుతుంది. తేనెటీగలు ఎక్కువగా తెల్ల మచ్చ పూలకే వెళ్తాయి. పది నిమిషాలు కదలకుండా నిలబడితే ఇది మీ కళ్ల ముందే కనిపిస్తుంది.

ఎన్నిస్‌కు వస్తే, ఊళ్లో దారి పటాలు ఉచితంగా ఇస్తారు. 40 మైళ్లకు పైగా గుర్తించిన దారులున్నాయి. పిల్లలు, పెద్దలు ఉంటే దీనికే నా ఓటు: డాలస్‌కు దగ్గర, చదును, ఒక్కరోజులో తిరిగి రావచ్చు. నాకు బాధ కలిగించింది ఒక్కటే. ఫొటోల కోసం మనవాళ్లతో సహా ఎందరో పూల మధ్య కూర్చుంటున్నారు. బ్లూబానెట్ ఒక్క ఏడాదే బతికే మొక్క. శరదృతువు వానలకు మొలిచి, చలికాలమంతా నేలకు అంటుకుని పెరిగి, వసంతంలో పూస్తుంది. కాయ ముదరకముందే నలిగితే వచ్చే ఏడాదికి అది వేయాల్సిన గింజ పోయినట్టే. అందుకే రాష్ట్ర రహదారుల శాఖ కూడా గింజ రాలేదాకా గడ్డి కోత ఆపుతుంది. కాలిబాట అంచున నిలబడినా ఫొటో బాగానే వస్తుంది. గింజలు విషం, పిల్లల నోట్లోకి పోకుండా చూసుకోండి.

మే నెలలో అమ్మ మళ్లీ వెళ్దామంది. ఎన్నిస్‌లో నీలం ఎక్కడా లేదు, గోధుమరంగు నూగుకాయలు మాత్రమే. మధ్యాహ్నం ఎండలో అవి టప్ టప్ మని పగులుతున్నాయి. ఒక గింజ ఎగిరి అమ్మ చీర కుచ్చిళ్లలో పడింది. తీసి చూసి, రోడ్డు పక్క మట్టిలోకే వదిలేసింది.